ఏడో నంబరు దగ్గర ఆగిన నోటుబుక్కు

నోటీసు చేతికిస్తే ఆమె దాన్ని చూడలేదు, నా బూట్లని చూసింది. బయట వాన. బూట్ల బురదంతా కుట్టుమిషన్ల గదిలోకి వచ్చేసింది.

"ముందు కాళ్ళు తుడుచుకోండి. తర్వాత భయపెడుదురుగాని."

బుద్ధిగా గుమ్మం దాకా వెళ్ళి గోనెపట్టా మీద తుడుచుకుని మళ్ళీ వచ్చాను. కంపెనీ మనిషి దర్జా అక్కడితో సరి.

మా చిన్నప్పుడు టీవీలో 'మబ్బుల్లో పోస్టాఫీసు' అని ఒక సీరియల్ వచ్చేది. దాని హక్కులు మా కంపెనీవి. ఆమె కొట్లో ఆ సీరియల్ పోస్ట్‌మాన్ గుడ్డబొమ్మలు వరసగా కూర్చున్నాయి. కొట్టు పేరు 'మబ్బుచుట్టాలు'. బొమ్మలూ మావే, ఆ పేరూ మాదే, పదిహేను రోజుల్లో బోర్డు దించాలని నోటీసు.

"బొమ్మలు మీవే అనుకుందాం. మాట ఎలా మీదవుతుంది? సీరియల్లో ఎవరైనా ఒక్కసారి అన్నారా ఆ మాట?"

"మా రచయితలే పుట్టించారని ఫైల్లో ఉంది మేడమ్."

"పుట్టించింది నేను. పదమూడేళ్ళప్పుడు, అభిమానుల నోటుబుక్కులో."



ఆ నోటుబుక్కు నాకు బాగా తెలుసు. పన్నెండుమంది పిల్లలం, ఒకటే పుస్తకం. పోస్టులో ఇల్లిల్లూ తిరిగేది. ఒక్కొక్కరు మూడు రోజులు ఉంచుకుని, రాసి, తర్వాతి నంబరుకి పంపాలి. పేర్లు రాయకూడదు, నంబర్లే. రెండు నెలలకి మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి నా పేజీ అంచున ఎనిమిదో నంబరు ఎర్రసిరాతో వెక్కిరించి ఉండేది. "ఏడుగారూ, ఇది కథా, కిరాణా జాబితానా?" అని. ఆ వెక్కిరింపు కోసమే నేను రెండు నెలలూ రోజులు లెక్కపెట్టుకునేవాణ్ణి. మబ్బుచుట్టాలన్న మాట రాసిందీ ఆ ఎనిమిదేనని ఇన్నేళ్ళకి ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఇప్పుడా పుస్తకం ఎక్కడుంది?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"ఏడో నంబరు దగ్గర ఆగిపోయింది. పోస్టులో పోయిందన్నారు అందరూ. వాడే మింగేశాడని నా నమ్మకం. దొరికితే చెవి మెలేస్తా."

మిషన్ వెనక నుంచి వాళ్ళ నానమ్మ తల ఎత్తింది. "ఒక చెవితో సరిపెడతావుటే?"

నా చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది.

ఇంటికెళ్ళి రేకుపెట్టె తీశాను. నోటుబుక్కు అట్ట వదులైంది కానీ జిగురు వాసన అలాగే ఉంది. నలభై ఒకటో పేజీలో, తేదీతో సహా, ఎనిమిదో నంబరు గుండ్రటి అక్షరాలు: "మనం ఒకళ్ళనొకళ్ళం చూడలేదు. అయినా ఉత్తరం రాకపోతే బెంగ. అందుకని మనం మబ్బుచుట్టాలం." అది చదువుతుంటే ఆ రోజుల మీద బెంగ ముంచుకొచ్చింది. పన్నెండుమందిమీ చెదిరిపోయింది సీరియల్ అయిపోయినందుకు కాదు, నా పిరికితనం వల్ల.

పదహారేళ్ళప్పుడు చివరి పేజీలో ఆమెకి నాలుగు ముక్కలు రాశాను. పంపే ధైర్యం లేకపోయింది. చించుదామంటే ఆ కాగితం వెనకవైపు ఆరో నంబరు వేసిన బొమ్మ ఉంది. అలా పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు బయటపెడితే ఆమె కొట్టు పేరు దక్కుతుంది, నా ఉద్యోగం ఊడుతుంది. నిజం చెప్పొద్దూ, ఉద్యోగం కంటే ఆ చివరి పేజీకే ఎక్కువ భయపడ్డాను.

నాలుగు రోజులు కిందామీదా పడ్డాను. చివరికి రాజీనామా ఇచ్చేశాను. ఈలోగా ఆమె, పేర్ల హక్కులు తేల్చే ట్రేడ్‌మార్క్ ఆఫీసులో కంపెనీ మీద ఫిర్యాదు పెట్టింది. పుస్తకం ఆమె చేతికిస్తే తిరగేస్తుందని, విచారణ రోజున నేరుగా ఆ ఆఫీసులోనే ఇచ్చాను. నా తెలివి అలా ఏడ్చింది. వాళ్ళు ప్రతి పేజీకీ ముద్ర కొట్టి, జిరాక్సులు తీసి, రెండు పక్షాలకీ చెరో కట్ట పంచారు.

సాక్షిగా నేను "ఏడో నంబరు నేనే" అనగానే ఆమె నన్ను ఒక్క చూపు చూసింది. తర్వాత కట్ట తిప్పుతూ తన పేజీ దగ్గర ఆగిపోయింది. కంపెనీ లాయరు మాత్రం వెనక పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఆఫీసరమ్మ వైపు తిరిగాడు.

"మేడమ్, ఈ సాక్షిని నమ్మకూడదు. ఇతనికి ఆవిడంటే ఎప్పటినుంచో పక్షపాతం. చివరి పేజీ వినండి." గొంతు సవరించుకున్నాడు. "ఎనిమిదో నంబరుకి. నీ ఎర్రసిరా కోసమే నేను రాస్తున్నాను. నీతో పోట్లాడకుండా నాకు రోజు గడవదు. నువ్వంటే ఇష్టం. ఇట్లు, ఏడు."

నేల చీలితే దూకేద్దామనిపించింది.

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసింది. "ఇది ఎప్పటిది?"

"పదకొండేళ్ళ కిందటిది మేడమ్. అప్పటినుంచీ ఇదే వరస."

"మీరు మాట రిజిస్టర్ చేయించింది?"

"నాలుగేళ్ళ కిందట," అంటూనే ఆయన నాలిక కరుచుకున్నాడు.

"అంటే పుస్తకం నిజమైనదేననీ, మీకంటే ముందుదేననీ మీరే చెబుతున్నారు."

పోస్ట్‌మాన్ బొమ్మలు మాత్రం కుట్టకూడదన్నారు. మాట మీద కంపెనీ హక్కు కొట్టేశారు.

బయట వసారాలో వాన తగ్గేదాకా నిలబడ్డాం. నానమ్మ కాస్త దూరంగా బెంచీ మీద కూర్చుంది.

"ఆ పుస్తకం కోసం ఏడాదిపాటు రోజూ గేటు పట్టుకుని నిలబడ్డాను," అందామె. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకూ ఏడో నంబరు రాతే కావాల్సింది. మిగతావి తిప్పేసేదాన్ని."

"తప్పయిపోయిందండీ."

"తప్పే. నాకు రాసిన మాట ఆ లాయరు గొంతుతో వినాల్సొచ్చింది. ఇప్పుడు నువ్వు చెప్పు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది. చెప్పాను. వానలో నా మాట నాకే వినపడలేదు.

"గట్టిగా చెప్పు బాబూ," అంది నానమ్మ బెంచీ మీద నుంచి. "ఇంటికెళ్ళాక అది ఏమీ చెప్పదు, నేను ఇక్కడే వినాలి."

గట్టిగానే చెప్పాను. మెట్లు దిగుతున్న లాయరు గొడుగు తెరవబోయి ఆగి వెనక్కి చూశాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.