కాజాకి నచ్చాలి

"మీకు కుక్కలంటే ఇష్టమేగా?"

ఫోన్లో పెర్సిస్ అడిగిన మొదటి ప్రశ్న అదే. ఉద్యోగం, ఊరు, జీతం ఏవీ అడగలేదు.

"ఇష్టమేంటండీ, ప్రాణం!" అన్నాడు నథానియేలు.

అది పచ్చి అబద్ధం. చీరాలలో చిన్నప్పుడు వీధికుక్క పిక్క పట్టుకున్న దగ్గర్నుంచి కుక్క కనిపిస్తే అతను వీధే మార్చేస్తాడు. కానీ ఢిల్లీ తెలుగు చర్చిలో పెర్సిస్ పాట విన్నప్పుడే మనసు పారేసుకున్నాడు. నిజం చెబితే ఆ పిల్ల దక్కదని భయం.

పెళ్ళిచూపులంటే కూతురు ఒప్పుకోదని పెర్సిస్ తండ్రి జీవరత్నం గారు గ్రేటర్ నోయిడాలో తమ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టి అబ్బాయిని పిలిచారు. ఆదివారం సాయంత్రం, జోరు వాన. గేటు దాకా వచ్చిన నథానియేలుకి లోపల్నుంచి అరుపులు వినిపించాయి. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

పెర్సిస్ గొడుగుతో వచ్చింది. "అరే, అక్కడే నిలబడ్డారేంటి?"

"వాన బావుంది కదా అనీ..."

"తడిసి ముద్దయ్యారు! రండి, ముందు మా కాజాని చూపిస్తా. మా తాతయ్యది తాపేశ్వరం, అందుకే ఆ పేరు."

పెరట్లో జామచెట్టుకి కట్టేసిన గోధుమరంగు కుక్క గోడమీది కోతుల్ని చూసి ఎగిరెగిరి పడుతోంది. తోక ఒకచోట నిలవడం లేదు.

"వాడికి కోతులంటే పిచ్చి. ఆడుకోడానికి వచ్చాయనుకుంటాడు, పాగల్! మొన్న అలాగే మీదికెళ్తే ఆ పెద్ద కోతి మెడ చీరేసింది. ఇంకోసారైతే బతకడని డాక్టర్ చెప్పేశాడు." పెర్సిస్ కాజా మెడ నిమిరింది. "హాస్పిటల్లో ఎన్ని గాయాలకి కట్లు కడతానో! వీడి రక్తం చూసి మాత్రం నా చేతులు ఆడలేదు."

అతని వైపు తిరిగి, "ముట్టుకోండి, ఏమీ అనడు," అంది.

"కూడిక టైమైందేమోనండీ!"

"మీరు సచ్ మే డాగ్ లవరేనా?"

"అయ్యో, కుక్కని ముట్టుకుని ప్రార్థనలో కూర్చుంటే బావుండదని..."

"అచ్ఛా," అంది పెర్సిస్. ఆ అచ్ఛాలో నమ్మకం వీసమెత్తు లేదు.

హాలు నిండిపోయింది. చివరికి అతనికి దొరికిన చోటు పెరటి జాలీ తలుపు పక్కనే. ఖర్మ అనుకుని కూర్చున్నాడు.

"అందరూ కన్నులు మూసుకుని నాతో ఏకీభవించండి," అన్నారు పాస్టరు గారు. ఆయన ప్రార్థన మొదలైతే దేశదేశాలు తిరిగి గాని ఇల్లు చేరదు. పైన రేకులమీద వాన, లోపల 'స్తోత్రం, స్తోత్రం' అని అందరి గొంతులు. పెరట్లో కాజా అరుస్తున్నా ఎవరూ పట్టించుకోలేదు. రోజూ ఉండే గోలే.

ఉన్నట్టుండి తలుపు కిర్రుమంది. నథానియేలు కళ్ళు తెరిచాడు.

పెద్ద మగకోతి. తడిసిన ఒళ్ళు, ఎర్రటి మొహం. కళ్ళు మూసుకున్న మనుషుల మధ్యనుంచి, తన ఇంట్లోకి తను వచ్చినట్టు, టేబుల్ మీది అరటిపళ్ళ వైపు నడుస్తోంది.

ఎదురుగా చూస్తే ఇంకో రెండు కళ్ళు తెరిచి ఉన్నాయి. పెర్సిస్! కదలొద్దని కళ్ళతోనే సైగ చేసింది. ఎవరైనా కేకవేస్తే కోతి మీదపడుతుంది. పక్కన చంటిపిల్లలున్నారు.

అంతలో ఆమె మొహం పాలిపోయింది. చూపు అతని వెనక్కి వెళ్ళింది.

తలుపు సందులో కాజా. తాడు తెంచుకుని వచ్చేసింది. చెవులు నిక్కబొడుచుకుని, ఒళ్ళంతా ఊగిపోతూ, ఎగరడానికి సిద్ధంగా ఉంది. కోతి వెనక్కి తిరిగి పళ్ళు బయటపెట్టింది.

పెర్సిస్ హాలుకి ఆ చివర ఉంది. నథానియేలు పక్కనే ఉన్నాడు.

'దేవా, నా వల్ల కాదు,' అనుకున్నాడు. అనుకుంటూనే రెండు చేతులూ చాపి కాజాని గుండెలకి అదుముకున్నాడు. ఒక చేత్తో మూతి మూశాడు. వేడి ఊపిరి అరచేతికి తగులుతుంటే పాత కాటు మళ్ళీ సలిపినట్టయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, "స్తోత్రం! స్తోత్రం!" అని వణికిపోతూ అందరికంటే గట్టిగా అన్నాడు.

కోతి అరటిపళ్ళు అందుకుని, వచ్చిన దారినే తాపీగా వెళ్ళిపోయింది.

"ఆమేన్!"

అందరూ కళ్ళు తెరిచారు. కుక్కని కావిలించుకుని కన్నీళ్ళు పెట్టుకుంటున్న కుర్రాడు కనిపించాడు.

"ఎంత ప్రేమమ్మా మూగజీవాలంటే!" అంది పెర్సిస్ తల్లి ఫ్లోరా, కళ్ళు ఒత్తుకుంటూ.

"ప్రార్థనలో ఎంత భారం, కన్నీళ్ళే ఆగట్లేదు!" అన్నారు జీవరత్నం గారు. "మరి అరటిపళ్ళేవీ?"

కాజాని కట్టేసే వంకతో పెర్సిస్ అతన్ని పెరటి వసారాలోకి తీసుకెళ్ళింది.

"చేతులు చూపించండి," అంది. ఇంకా వణుకుతున్నాయి. "మీకు కుక్కలంటే భయం. హై నా?"

"చచ్చేంత భయమండీ." ఇక దాచాలనిపించలేదు అతనికి. "అబద్ధం చెప్పాను. నిజం చెబితే మీరు వద్దంటారని అంతకన్నా భయమేసింది. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇప్పుడు వద్దన్నా సరే, అదొక్కటీ చెప్పి వెళ్తాను."

పెర్సిస్ వాన వైపు తిరిగింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"భయం లేనివాళ్ళెవరైనా పట్టుకునేవాళ్ళు," అంది చివరికి. "మీరు అంత భయంతో పట్టుకున్నారు. అబద్ధం మాత్రం ఇంకోసారి చెప్పకండి. చెబితే కాజాని మీ గదిలో వదిలేస్తా."

లోపల్నుంచి జీవరత్నం గారు పిలిచారు. "ఏమ్మా, ఏమంటావు?"

"కాజాకి నచ్చారు డాడీ!"

"అయితే ముగింపు ప్రార్థన చేసుకుందాం. అందరూ కన్నులు మూసుకోండి," అన్నారు పాస్టరు గారు.

ఈసారి కాజా తల నథానియేలు ఒళ్ళో ఉంది. భయం అలాగే ఉంది. లేచిపోవాలని మాత్రం అనిపించలేదు. పాస్టరు గారు మళ్ళీ దేశాలు తిరగడం మొదలుపెట్టగానే మెల్లగా కళ్ళు తెరిచాడు.

ఎదుటి వరసలో రెండు కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి.