జోకు కోసం కొట్టేసిన వాక్యం

"సలహారావు మీరేనా?"

నేను కారు కింద పడుకుని ఉన్నాను. కనిపించిందల్లా రెండు చెప్పులు, వాటి పైన గాలికి టపటపలాడుతున్న ఒక పేపరు ముక్క. గొంతు మాత్రం తుపాను హెచ్చరికలా ఉంది.

బయటికి జారి లేచాను. ఆమె ఆ ముక్కని నా ముక్కుకి ఆనించినంత పని చేసింది. ఆదివారం అనుబంధంలో సలహారావు పేరుతో నేను రాసే శీర్షిక అది. పాత కార్లున్నవాళ్ళకి వారం వారం ఉచిత సలహాలు. ఉచితం కాబట్టే ఎవరూ తిట్టడం లేదని మా అక్క అంటూ ఉంటుంది.

"నేనేనండీ. సంతకం కావాలా?"

"మా నాన్న కారు కావాలి. మీరు చంపేశారు."

"నేనా?"

"కొత్తరకం ఆయిల్ పొయ్యండి, పాత ఇంజన్‌కి పదేళ్ళ వయసు తగ్గుతుంది అని రాశారా లేదా? పోశాను. మూడో రోజు లోపల టకటకమంది. నాలుగో రోజు రోడ్డు మధ్యలో బిగుసుకుపోయింది."

ఏం జరిగిందో వినగానే తెలిసిపోయింది. ఫిల్టరు లేని ఆ కాలపు ఇంజన్లలో ఏళ్ళ తరబడి మడ్డి అడుగున పేరుకుని ఉంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే పెద్దగా బాధ లేదు. కొత్తరకం ఆయిల్ సబ్బులా ఆ మడ్డిని లేపుతుంది. అది సన్నటి దారుల్లో అడ్డంపడి బేరింగులకి ఆయిల్ అందనివ్వదు. అందుకే ముందు కింది చాంబర్ విప్పి, కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, అప్పుడు కొత్త ఆయిల్ పొయ్యాలి.

ఇది నాకు తెలియక కాదు. రాశాను కూడా. పేపరువాళ్ళు రెండు లైన్లు ఎక్కువయ్యాయి, తగ్గించమన్నారు. కడగమన్న వాక్యం కొట్టేసి, దాని పక్కనున్న జోకు ఉంచుకున్నాను. ఆ జోకేమిటో అడక్కండి, చెబితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఉన్నదున్నట్టు ఆమెకి చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. అక్కడున్న పాత టైరు మీద కూర్చుండిపోయింది.

"ముప్పై ఏళ్ళు టాక్సీ తోలాడండీ నాన్న. పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. ఇంట్లో నోరు విప్పడు. సాయంత్రం ఆ కారులో తిప్పితే మాత్రం 'గేరు' అంటాడు, 'నెమ్మది' అంటాడు. నా డ్రైవింగ్‌ని తిడతాడు కూడా. వేరే కారెక్కిస్తే గోడలా కూర్చున్నాడు. మాట వస్తే ఈ ఏడాదిలోనే రావాలి, ఆ తర్వాత కష్టం అన్నాడు డాక్టరు."

"నేను బాగుచేస్తాను."

"చెయ్యలేకపోతే?"

"శీర్షిక రాయడం మానేస్తాను."

"మీ శీర్షిక మానేస్తే మాకేం ఒరుగుతుంది?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

కారుని షెడ్డుకి లాక్కొచ్చాం. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. దుకాణం మూయగానే రోజూ వచ్చి ఆ టైరు మీద కూర్చునేది. చేతికి పానాలు అందించేది. అడిగింది తప్ప మిగతావన్నీ అందించేది.

"పదమూడో నంబరు పానా అడిగితే పదిహేడు ఇచ్చారు."

"అక్షరాలు కనపడట్లేదా? రేపు దుకాణానికి రండి, అద్దాలు పెడతాను."

"మీరు పెడతానంటే కళ్ళు బాగున్నా వస్తాను."

"ముందు ఇంజన్ సంగతి చూడండి సలహారావుగారూ." అని మొహం తిప్పుకునేది. తిప్పుకున్న వైపు నవ్వుకునేదని పక్కనున్న కారు అద్దంలో చూసి కనిపెట్టాను.

ఒకరోజు వేరే బండి క్రాంకుని, అంటే ఇంజన్ లోపల తిరిగే బరువైన ఇనుప ఇరుసుని, తాడుతో వేలాడదీసి, ఆమె చేతికి చిన్న సుత్తి ఇచ్చాను. "కొట్టండి" అన్నాను. ఖంగుమని గంటలా మోగింది, చాలాసేపు.

"అలా పలికితే మంచిది. లోపల పగులుంటే పలకదు. పగిలిన కుండలా బొంగురుగా చప్పుడవుతుంది."

ఇంకోసారి కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నది. ఆ నిమిషాన నా పని అయిపోయింది. ఇక ఆమె లేకుండా సాయంత్రం అనేది ఉంటుందని నేను అనుకోలేకపోయాను.

మర్నాడు ఆమె కారు క్రాంకుని కిరసనాయిలుతో తడిపి, తుడిచి, సుద్దపొడి చల్లాను. తెల్లటి పొడి మీద వెంట్రుకంత నల్లగీత మెల్లగా పైకి తేలింది. పగులు. లేతు మిషను మీద క్రాంకులు అరగదీసే ముసలాయన దగ్గరికి పరిగెత్తాను.

"దీన్ని అరగదీస్తే మొదటి వారంలో రెండు ముక్కలవుతుంది నాయనా. వదిలెయ్" అన్నాడాయన.

తుక్కు కొట్లన్నీ తిరిగాను. తెలిసిన ప్రతి మెకానిక్కునీ అడిగాను. ఆ మోడల్ క్రాంకు గానీ, ఇంజన్ గానీ ఎక్కడా లేదు. ఉన్నవన్నీ కరిగి ఏ కిటికీ ఊచలైపోయాయో! ఆమె కారు ఇక కదలదు. ఆమె తండ్రి నోట ఇక మాట రాదు. దానికి కారణం నేను, నా వెధవ జోకు.

చెప్పేద్దామనే కూర్చున్నాను. ఆమె వానలో తడిసి, చున్నీ పిండుకుంటూ, నవ్వుతూ లోపలికి వచ్చింది. "ఎందాకా వచ్చింది?"

"వచ్చే వారం అయిపోతుంది" అన్నాను.

ఒక వారం మూడు వారాలైంది. కారు ఉన్నన్నాళ్ళే ఆమె వస్తుంది. అది తెలిసే అబద్ధమాడాను. "నేను ఇంటికి వెళ్ళేసరికి నాన్న కిటికీ దగ్గరే కనబడతాడు. నిన్న మంచినీళ్ళకి సైగ కూడా చెయ్యలేదు" అని ఆమె చెప్పిన రోజున కూడా, నా పాడు నోరు "వచ్చే వారం" అనే అంది.

ఒక సాయంత్రం టీ తేవడానికి వెళ్ళి వచ్చేసరికి, ఆమె తన కారు క్రాంకుని తాడుకి వేలాడదీసి నిలబడి ఉంది. చేతిలో చిన్న సుత్తి. నన్ను చూసి ఇంకోసారి కొట్టింది. చప్పుడు మట్టిలో పడ్డట్టు అక్కడికక్కడే చచ్చిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"మూడు వారాలు."

"మూడు వారాలు!" ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆయన రోజూ కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూశాడు. అది నీకు తెలుసు. తెలిసి కూడా..." సుత్తిని బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. "రేపు కారు తెచ్చి మా ఇంటి ముందు పడేసి వెళ్ళు."

ఆ రాత్రి నిద్ర లేదు. ఆమె మొట్టమొదటిసారి నన్ను 'నువ్వు' అంది, అదీ అలా.

మర్నాడు ఇంజన్ లేని కారుని లారీకి కట్టి తీసుకెళ్ళాను. లారీవాడు వీధిలో వదిలేసి తన దారిన పోయాడు. గేటు లోపలికి తొయ్యాలి. ఆమె ఒకపక్క, నేనొకపక్క. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. లోపలికి చేర్చేసరికి వాన మొదలైంది. వరండాలో కుర్చీలో ఉన్న పెద్దాయన, ఆమె తండ్రి, బాగున్న చేతిని కారు వైపు చాచాడు.

ఇద్దరం పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆమె అలవాటుగా స్టీరింగు దగ్గర కూర్చుంది. నేను తడుస్తూ బయట నిలబడ్డాను. పెద్దాయన వేలు వెనకసీటు చూపించింది. ఎక్కి, తలుపు వేసుకున్నాను.

"నాన్నా, ఇది ఇంక నడవదు. ఈయనగారు మూడు వారాలు మనకి అబద్ధం చెప్పాడు."

"తె... లుసు."

ఆమె గిర్రున తిరిగింది. ఇన్ని వారాల తర్వాత ఆయన నోట వచ్చిన మాట అది. "ఏం తెలుసు?"

"చప్పుడు. ఆ రోజే. పోయింది."

ముప్పై ఏళ్ళు తోలినవాడికి సుద్దపొడి కావాలా? నేను దాచి, ఆమె వెతికి పట్టుకున్న విషయం ఆయన కారు టకటకమన్న రోజే చెవితో తేల్చేసుకున్నాడు.

"మరి రోజూ ఆ కిటికీ దగ్గర ఎందుకు కూర్చున్నావు నాన్నా? కారు కోసం కాదా?"

ఆయన పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి.

"నువ్వు... వస్తావుగా."

"నేను రోజూ వచ్చేదాన్నే కదా!"

"నవ్వుతూ" అన్నాడాయన.

ఆమె స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. నాకూ ఆగలేదు. "నిజం చెబితే మీరు మళ్ళీ రారని భయమేసింది. అందుకే చెప్పలేదు. వేరే కారణం ఏమీ లేదు. నాకు మీరు కావాలి. కారు బాగుచెయ్యలేను, మాట తెప్పించలేను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

ఆమె తల ఎత్తలేదు. "కారు పోయింది. నాన్న ఇంక ఇంతే. మిగిలింది ఒక అబద్ధాలకోరు" అంది ముక్కు ఎగబీలుస్తూ.

వాన టాప్ మీద దంచుతోంది. పెద్దాయన కష్టపడి మెడ కొద్దిగా వెనక్కి తిప్పి, వెనకసీట్లో ఉన్న నన్ను చూశాడు. తన టాక్సీ ఎక్కిన ప్రతివాణ్ణీ అడిగి ఉంటాడు ఆయన ఆ మాట.

"ఎక్క... డికి?"

ఆమె ముంజేత్తో మొహం తుడుచుకుంది. నా వైపు చూడకుండానే, ఆయనకి చెప్పింది.

"ఎక్కడికీ కాదు నాన్నా. ఇక్కడికే వచ్చాడు."