సొరుగులో బ్యాడ్జి

"బ్యాడ్జి తీసి సొరుగులో పడెయ్," అన్నాడు చీఫ్ టాలివర్.

ఏజెంట్ రాయిస్ హ్యాడ్లీ చొక్కాకున్న బ్యాడ్జి విప్పాడు. అందులోని ఫిల్ము ఎంత నల్లబడితే ఒంటికి అంత రేడియేషన్ తగిలినట్టు లెక్క. పరిమితి దాటితే డ్యూటీ నుంచి తప్పిస్తారు. అందుకే రిచ్‌లండ్‌లో అణు ప్లాంటు కార్మికుడి నుంచి గూఢచారి దాకా అందరిదీ ఒకటే తెలివి. ప్రమాదమున్న చోటికి బ్యాడ్జి లేకుండా వెళ్తారు.

చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. విదేశీ ముఠా ఒకటి రేడియేషన్ చిమ్మే కోబాల్టు ముక్క కాజేసింది. ఈ మధ్యాహ్నం స్కూలు జిమ్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచి. ఊళ్లో ఇంజినీర్లంతా పిల్లాజెల్లాతో వస్తారు. ముక్క అక్కడే ఎక్కడో ఉంది. వెతకడానికి తోడు లొరైన్ వెసెలీ, ముఠాలో ఉంటూ మనకు పనిచేసే మనిషి.

"ఎవరికి పనిచేస్తోందో ఆవిడకైనా తెలుసా?" అన్నాడు హ్యాడ్లీ. చీఫ్ నవ్వలేదు.

హ్యాడ్లీ స్వీపర్ వేషంలో, నేల తుడిచే పొడుగు కర్ర మాపుతో జిమ్‌లో దిగాడు. లొరైన్ అప్పటికే గ్యాలరీ కింద కూర్చుని ఉంది. మెడలో ముత్యాలు, భుజాన రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్, పక్కన ఎవరో వదిలేసిన పనిముట్ల పెట్టె. బయట జనం గేటు దగ్గర తోసుకుంటున్నారు.

"ఇక్కడేం లేదోయ్. ముల్లు సున్నా మీదుంది, చప్పుడే లేదు. అవతలి గది చూడు," అంది.

హ్యాడ్లీ తుడవడం ఆపాడు. కౌంటర్ ఎన్నడూ పూర్తిగా ఊరుకోదు. ఉత్త ఇటుక గోడ దగ్గరైనా అప్పుడప్పుడూ టిక్కుమంటుంది.

"దాని స్విచ్ ఎక్కడ వేశావు?"

"ఇక్కడికొచ్చాకే. ఏం?"

"కౌంటర్‌తో సహా ఇటు రా."

ఆమె విసుక్కుంటూ వచ్చింది. దూరపు గోడ చేరేసరికి ముల్లు ఎగిరి చివర కొట్టుకుంది. టిక్కులన్నీ కలిసి ఒకటే రొద. రేడియేషన్ మరీ మితిమీరితే కౌంటర్‌లోని గొట్టానికి ఊపిరి సలపదు, సున్నా చూపిస్తుంది.

లొరైన్ పనిముట్ల పెట్టె వంక తిరిగి చూసింది. "మ్యాచి మొదలయ్యాకే దాని మూత తీస్తామన్నారు. నిన్ను అటు పంపేసి రమ్మన్నారు," అంది. "ఇందాకట్నుంచీ నేనక్కడే కూర్చున్నాను రాయిస్."

అతనికి ముందు జాలేసింది. తరవాత తన జాలి మీదే కోపం వచ్చింది. పెట్టె దగ్గరికి పరిగెత్తి రేడియేషన్‌ను ఆపే సీసపు మూతను మాపు కర్రతో దాని మీదికి తోశాడు. అది మొరాయించింది. గేటు తెరిచిన చప్పుడు, పిల్లల కేకలు వినిపించాయి. ఒళ్లంతా బరువేసి నెట్టాడు. మూత పడింది.

లొరైన్ నెల తిరక్కుండానే పోయింది. ముఠా ఆమె కోసం ఒక్క పువ్వు పంపలేదు. మనవాళ్లూ పంపలేదు.

హ్యాడ్లీ వాంతులతో, రాలిన జుట్టుతో సెలవు అడగడానికి వచ్చాడు. చీఫ్ సొరుగులోని బ్యాడ్జి అప్పటికే పరీక్షకు పంపాడట. ఫిల్ము మీద మచ్చయినా లేదు.

"లెక్క ప్రకారం నీకేం తగల్లేదు. సోమవారం కొత్త పని," అన్నాడు.

హ్యాడ్లీ టోపీ సర్దుకున్నాడు.

"ఈసారి ఆ ఫిల్మునే పంపండి చీఫ్. దానికి ఒంట్లో బాగానే ఉంది."