అత్తయ్య టోపీ, బిషప్ తోక

స్టేజి మీద కుక్కలు, కింద కోళ్ళు. ఎల్డర్ క్రీక్ ఊరి ఆపెరా హౌస్‌లో జనవరి ప్రదర్శనకి ఏటా అదే ఏర్పాటు. కుర్చీలన్నీ తీసేసి హాలు నిండా తీగల బోనులు వరసగా పేరుస్తారు. కుక్కల్ని మాత్రం స్టేజి మీద గడ్డి పరిచిన అరల్లో కట్టేస్తారు. కుక్కలవాళ్ళు కిందికి చూసి, "ఆదివారం భోజనానికి పనికొచ్చేవాటికి బహుమతులేమిటో," అంటారు. కోళ్ళవాళ్ళు పైకి చూసి, "గుడ్డు పెట్టడం రానివాటికి అంత ఎత్తెందుకో," అంటారు. మధ్యలో ఉన్నవి ఆరే మెట్లు. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ తక్కువ.

1912లో, ప్రదర్శనకి ముందురోజు సాయంత్రం నాలుగింటికి, ఓరిన్ టాకెట్ కుక్క బటన్ ఆ ఆరు మెట్లూ ఒక్క దూకులో దిగింది.

రెక్కల చప్పుడు, ఏదో బల్ల పడిన చప్పుడు, ఆ తరవాత ఒక ఆడగొంతు. ఓరిన్ పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి, నీలం గౌను చేతులు పైకి మడుచుకున్న అమ్మాయి ఒక పెద్ద నల్ల కోడిపుంజుని గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. ఆమె కాళ్ళ దగ్గర బటన్ కూర్చుని ఉంది. దాని నోట్లో జానెడున్నర పొడవు ఈక.

"ఇది మీ కుక్కా?"

"ఇందాకటిదాకా నాదే."

ఆమె నవ్వలేదు. ఓరిన్ బటన్ నోట్లోంచి ఈక లాగాడు. సగం నమిలేసి ఉంది.

"ముడి ఊడిపోయిందండీ. తప్పు నాది, దానిది కాదు."

"మీరు గుర్రపు జీన్ల కొట్టు ఓరిన్ టాకెట్ కదూ? మా గుర్రం పట్టీ కుట్టింది మీరే. గుర్రాల్ని ఆపగలిగే ముడి వేస్తారు, గుప్పెడు కుక్కకి వెయ్యలేరా?"

"గుర్రాలు నా మాట వింటాయి."

ఈసారి ఆమె పెదవి కొంచెం కదిలింది. కానీ పుంజుని బల్లమీద నిలబెట్టి వెనక్కి తిప్పగానే ఆ కాస్తా పోయింది. తోకలో కొడవలిలా వంగిన రెండు పెద్ద ఈకలుండాలి. ఒకటే ఉంది. రెండోదాని మొదట్లో బెత్తెడు మోడు మిగిలింది.

ఆమె పేరు డెల్లా ష్రోయర్. నల్ల లాంగ్‌షాన్ జాతి కోళ్ళంటే ఆ చుట్టుపక్కల జోనస్ ష్రోయర్ పేరే చెప్తారు, ఆయన కూతురు. ఆకురాలు కాలంలో జోనస్‌కి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆ చేత్తో ఆయన ఆఖరుసారి పొదిగేసిన గుడ్లలోంచి వచ్చింది ఈ పుంజు. నల్లకోటు తొడుక్కున్నట్టు గంభీరంగా నడుస్తుందని దానికి బిషప్ అని ఆయనే పేరు పెట్టాడు.

"ఈ ఒక్క ఈకకే ఓడిపోతుందా?" అడిగాడు ఓరిన్.

"పోయినేడు అర పాయింటు తేడాతో గెలిచాం. విరిగిన ఈకకి రెండు కోస్తారు." ఆమె మోడుని వేలితో సర్దింది. "నాన్న కిటికీ దగ్గర కూర్చుని ఉంటారు. రేపు సాయంత్రం నేను బండి దిగడం చూడగానే ఆయనకి తెలిసిపోతుంది, నేను ఏం చెప్పక్కర్లేదు."

ఏడుస్తుందేమోనని ఓరిన్ భయపడ్డాడు. ఏడవలేదు. బిషప్‌కి గోరువెచ్చని నీళ్ళు పెట్టి, బోను మూసి, బస చేసిన పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ బటన్ తలమీద ఒకసారి చెయ్యి వేసింది. అంత జరిగాక కూడా. ఓరిన్‌కి నిద్రపట్టనివ్వకుండా చేసేది ఆ చెయ్యేనని అప్పుడే తెలిసిపోయింది.

స్టేజి మీది కుక్కలవాళ్ళ మధ్య పెరిగినవాడు కాబట్టి అతనికి తోచింది స్టేజి మీది ఆలోచనే. కుక్కలకైతే పాత వెంట్రుకలు పీకేస్తారు, తెల్లటి కాళ్ళకి సుద్ద రాస్తారు, చెవి నిలబడకపోతే రాత్రంతా అంటించి ఉంచుతారు. జడ్జికీ తెలుసు, అందరికీ తెలుసు. బాగు చెయ్యగలిగింది బాగు చెయ్యడం అక్కడ పనితనం.

అతన్ని పెంచిన ఫిలీనా అత్తయ్య ఆ సాయంత్రం చర్చిలో పాటల సాధనకి వెళ్ళింది. ఆవిడ ఆదివారం టోపీకి కుడిపక్కన రెండు నల్లటి పొడవాటి ఈకలుంటాయి. ఓరిన్ ఒకటి తీశాడు. చీపురుపుల్ల ముక్కకి మైనం పట్టించి, ఆపెరా హౌస్‌కి తిరిగొచ్చి, ఒక కొస కొత్త ఈక కాడ బోలులోకి, ఇంకో కొస మోడులోకి గుచ్చి, అతుకు మీద వెంట్రుకంత సన్నని దారం చుట్టాడు. బిషప్ కదలకుండా నిలబడింది. లాంతరు వెలుగులో రెండు ఈకలూ ఒకేలా నల్లగా, ఒకేలా వంగి ఉన్నాయి. రిబ్బను వచ్చాక ఆమెకి చెప్పాలనుకున్నాడు.

తెల్లారి ప్రదర్శన మొదలయ్యాక కోళ్ళ యజమానులు తాడు దాటి లోపలికి వెళ్ళకూడదు. ఎవరి పక్షి ఏదో జడ్జికి తెలియకూడదని నియమం. మంచు పడి బండి ఆలస్యమై, డెల్లా వచ్చేసరికి తాడు కట్టేశారు. ఓరిన్ ఆమె కోసమే అక్కడ నిలబడి ఉన్నాడు.

ఆమె దూరం నుంచి బోను చూసింది. తోక చూసింది. రెండు ఈకలు.

"ఓరిన్ గారూ, మీరేం చేశారు?"

"చిన్న అతుకు." అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "మీరు మెచ్చుకోనక్కర్లేదు."

డెల్లా ముఖం సున్నం కొట్టినట్టయింది. "కోళ్ళకి దొంగ ఈక పెట్టడమంటే దొంగ సంతకం పెట్టినట్టు. పక్షిని బయటికి పంపించడంతో ఆగరు. యజమాని పేరు మోసగాళ్ళ పట్టీలోకి ఎక్కిస్తారు. ఇరవై రెండేళ్ళ నుంచి నాన్న..." ఆమె ఆగింది. "నమోదు చీటీ మీద ఉన్నది నాన్న పేరు."

"కుక్కల్లో అయితే..."

"అవి కుక్కలు."

అప్పటికే జడ్జి క్విగ్లీ బిషప్ బోను తెరిచాడు. సన్నటి ముసలాయన, పక్షిని ఎత్తుకుంటే పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు. కిటికీ దగ్గరికి, మంచు మీంచి వచ్చే తెల్లటి వెలుగులోకి తీసుకెళ్ళాడు. లాంతరు దాచింది పగలు చూపించింది. లాంగ్‌షాన్ నలుపులో ఆకుపచ్చ మెరుస్తుంది. ఒక ఈక మాత్రం ఊదారంగులో మెరుస్తోంది. జడ్జి జేబురుమాలు తడిపి ఆ ఈకని తుడిచాడు. రుమాలు ఊదాగా మారింది.

"ఈ పక్షి ఎవరిది?"

డెల్లా చెయ్యి ఎత్తబోయింది. ఆ చెయ్యి పూర్తిగా లేవకముందే ఓరిన్ తాడు దాటాడు.

"ఆమెకి తెలీదండీ. నేను పెట్టాను. నా కుక్క అసలు ఈక పీకేసింది, దానికి బదులు..."

సరిగ్గా అప్పుడే స్టేజి మీంచి కేక వినిపించింది. "ఫాక్స్ టెర్రియర్లు! టాకెట్ గారి బటన్, రింగులోకి." ఓరిన్ తల తిప్పలేదు.

జడ్జి అతన్ని జాలిగా చూశాడు. "నాయనా, ముప్పై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాను. రంగేసిన ప్రతి కోడి వెనకా, తప్పు నాదేనని ముందుకొచ్చే కుర్రాడు ఒకడు దొరుకుతూనే ఉన్నాడు. అందులోనూ అమ్మాయి చక్కగా ఉంటే ఇద్దరు దొరుకుతారు."

"నేను నిజం చెప్తున్నానండీ."

"వాళ్ళూ అదే అన్నారు. సరే, ఈక ఎక్కడిది?"

"మా అత్తయ్య టోపీలోది."

హాలంతా నవ్వింది. డెల్లా ఒక్కతే నవ్వలేదు. స్టేజి మీంచి రెండోసారి పిలిచారు.

"టోపీలోది," అన్నాడు జడ్జి గుమాస్తాతో. "అలాగే రాసుకోవయ్యా, నమ్మేవాళ్ళు నమ్ముతారు."

గుమాస్తా కలం సిరాలో ముంచాడు. ష్రోయర్ అనే పేరు రాయడానికి ఎంతసేపు? ఆ కలం వంకే చూస్తూ డెల్లా రెండు చేతులతో తాడు పట్టుకుంది.

"ఒరేయ్ ఓరిన్!"

తలుపు దగ్గర ఫిలీనా అత్తయ్య, మంచు దులుపుకుంటూ. తలమీద ఆదివారం టోపీ. కుడిపక్కన ఒక ఈక, దాని పక్కన ఒక చిల్లు.

"ఇలా వంకరటోపీ పెట్టుకుని ఊళ్ళోకి రావాల్సొచ్చింది నాకు. పిల్లి పనేమో అనుకుని పొద్దున్నుంచీ దానికి పాలు కూడా పొయ్యలేదు. తీరా చూస్తే బల్లమీద నీ మైనం, నీ దారం." ఆవిడ చూపు జడ్జి చేతిలోని పుంజు మీద పడింది. "ఏమండీ, నా టోపీ తోక ఈ కోడికి ఎందుకొచ్చింది?"

స్టేజి మీంచి మూడోసారి పిలిచారు. ఆ తరవాత ఇంకో కుక్క పేరు పిలిచారు.

జడ్జి క్విగ్లీ చాలా మర్యాదగా అత్తయ్య అనుమతి అడిగి, టోపీలో మిగిలిన ఈకని రుమాలు ఇంకో మూలతో తుడిచాడు. రెండు మూలలూ పక్కపక్కన పట్టుకున్నాడు. ఒకటే ఊదా.

"కలం పక్కన పెట్టవయ్యా," అన్నాడు గుమాస్తాతో.

తీర్పు తీర్పే. దొంగ ఈక ఉన్న పక్షికి రిబ్బను రాదు. పట్టీలో మాత్రం ఏ పేరూ ఎక్కలేదు. బిషప్‌ని బోనులో దింపేముందు జడ్జి దాన్ని మళ్ళీ వెలుగులోకి తిప్పి చూశాడు. "అమ్మా, ఈ ఒడ్డూ పొడుగూ, ఈ మెరుపూ ఇవాళ ఈ హాల్లో ఇంకోదానికి లేవు. క్విగ్లీ అన్నాడని మీ నాన్నగారితో చెప్పు."

డెల్లా థాంక్స్ అని, తిన్నగా ఓరిన్ దగ్గరికి వచ్చింది.

"మీరు నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే వద్దంటారని."

"అందుకే అడగాలి."

బటన్ పైన ఎక్కడో ఒంటరిగా మొరుగుతోంది.

"మీ కుక్కని మూడుసార్లు పిలిచారు. వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

"బటన్‌కి వచ్చే ఏడు ఉంది. మీ నాన్నగారి పేరుకి ఆ ఒక్క నిమిషమే ఉంది."

ఆమెకి కోపం తగ్గలేదు, కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది. చివరికి, "జరిగింది నాన్నకి నేను చెప్పను," అంది. "మీరు చెప్పాలి. ఇవాళే. కుక్కని కూడా తీసుకురండి, ముద్దాయిని చూడాలంటారు."

మంచుబండిలో నలుగురు వెళ్ళారు. డెల్లా, ఓరిన్, బటన్, "వీడిని ఒంటరిగా పంపితే ఆ ఇంట్లో ఏం అతికించి వస్తాడో" అని అత్తయ్య. వెనక బుట్టలో బిషప్. దార్లో అత్తయ్య డెల్లాకి ఓరిన్ చిన్నప్పటి సంగతులన్నీ చెప్పేసింది. అతను గుర్రం చెవులవంక చూస్తూ కూర్చున్నాడు.

జోనస్ ష్రోయర్ కిటికీ దగ్గరే ఉన్నాడు. ఓరిన్ ముడి దగ్గర మొదలుపెట్టి టోపీ దాకా ఏదీ వదలకుండా చెప్పాడు. క్విగ్లీ మాట మాత్రం డెల్లా చెప్పింది. పెద్దాయన బిషప్ తోకలోని ఆ ఈకని ఎడమచేత్తో పట్టుకుని అతుకు మీద బొటనవేలితో నిమిరాడు. ఒకసారి, మళ్ళీ ఇంకోసారి.

"అతుకు ఎక్కడుందో నా వేలికి తెలియట్లేదు," అన్నాడు నెమ్మదిగా. మాట కొంచెం ముద్దగా వస్తోంది. "ఇంత మంచి చెయ్యి, ఇంత చెడ్డపనికి. అమ్మాయ్, క్విగ్లీ ఏమన్నాడన్నావు? మళ్ళీ చెప్పు."

డెల్లా మళ్ళీ చెప్పింది. ఆయన దాన్ని మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారికి ఆయన నోటి ఒక పక్క నవ్వింది. అప్పటికి అంతే నవ్వగలడు.

"మోడు తీసేస్తే కొత్త ఈక వస్తుంది," అన్నాడు. "ఏప్రిల్‌కి పూర్తవుతుంది. అబ్బాయ్, ఎదుగుతుందో లేదో చూసే పూచీ నీది. ఆదివారం ఆదివారం వచ్చి కొలిచి చూడు."

అలా మొదలైంది. చర్చి అయ్యాక ఓరిన్ దర్జీ టేపు జేబులో పెట్టుకుని వచ్చేవాడు. డెల్లా పుంజుని పట్టుకునేది, అతను కొలిచేవాడు, పెద్దాయన అంగుళాలు గోడ మీద సుద్దతో ఎడమచేత్తో వంకరగా రాసేవాడు. ఫిబ్రవరిలో రెండు. మార్చి మొదట్లో ఏడు. కొలవడానికి రెండు నిమిషాలు పట్టేది. అతను ఇంటికి వెళ్ళేసరికి దీపాలు పెట్టేవారు. ఒకసారి ఆమె వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే అతను తుడుస్తూ, "దీన్ని ఎక్కడ పెట్టమంటారు?" అని ప్రతి గిన్నెకీ అడిగాడు. నాలుగో గిన్నె దగ్గర ఆమెకి నవ్వాగలేదు.

"అడగమన్నారుగా," అన్నాడు.

ఏప్రిల్ రెండో ఆదివారం, వాన వెలిసిన మధ్యాహ్నం, ఈక పూర్తయింది. ఓరిన్ టేపు వేస్తూనే గమనించాడు. పాతదానికి సరిజోడు, ఆకుపచ్చగా మెరుస్తూ. పదహారు అంగుళాలు. వచ్చే ఆదివారం రావడానికి ఇంక కారణం లేదు.

"ఎంత?" అడిగాడు జోనస్, సుద్ద ఎత్తి.

ఓరిన్ నోరు తెరిచాడు. అబద్ధం ఆడలేడు. ఈక విషయంలో ఇంక జన్మలో ఆడలేడు.

డెల్లా టేపు మీదికి వంగింది. కావలసినదానికన్నా ఎక్కువసేపే చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"పదిహేనున్నర," అంది.

ఓరిన్ ఆమెవంక చూశాడు. ఆమె పుంజువంకే చూస్తోంది.

జోనస్ ష్రోయర్, కంటితోనే పావు అంగుళం తేడా పట్టేయగల మనిషి, కుర్చీలోంచి ముందుకు వంగి బిషప్ తోకని పరకాయించి చూశాడు. తరవాత కూతుర్ని చూశాడు. తరవాత ఓరిన్‌ని.

"పదిహేనున్నర," అని గోడమీద రాశాడు. "నెమ్మదిగా ఎదిగే రకం. మా డెల్లా పెళ్ళి దాకా పట్టేట్టుంది."

"డెల్లా," అన్నాడు ఓరిన్. "నేను ఒకటి అడగొచ్చా?"

"అడగండి," అంది. "ఈసారి వద్దనను."