రెండో డ్రైవరు

పొద్దుటి నుంచి రొయ్యలు వొలిచిన చేతులు ఐసుకి తెల్లగా ముడతలు పడి, రాత్రి తొమ్మిదైనా వేడెక్కలేదు. సారా ఆ చేతులతోనే రెండు ముద్దలు తిని, గోడవార చాప వేసుకుంది. ఫోను ఛార్జింగుకి తగిలించి చెవికి ఆనించుకుంది. లారీ తోలే మొగుడికి కునుకు పట్టకుండా ఫోనులో మాట్లాడుతూ ఉండటం, రేపల్లెలో ఆ వీధి ఆడవాళ్లకి రెండో డ్యూటీ.

మొగుడు శాలేమురాజు లారీ డ్రైవరు. సాయంత్రం నెల్లూరు వైపు చెరువులకి పోయి, రొయ్యలూ ఐసూ నింపుకుని, ఒంగోలు, చీరాల, బాపట్ల మీదుగా తెల్లారేసరికి ఆమె పనిచేసే షెడ్డుకి చేరాలి. అతను రెప్ప వాల్చకుండా మేలుకుని తెచ్చిన రొయ్యని ఆమె నిలబడి వొలవాలి. పగలు అదే బండితో అతను తెనాలి వెళ్లాలి. మరి నిద్రో?

రెండో డ్రైవర్ని పెట్టమని ఒకసారి ఆడవాళ్లంతా వెళ్లి అడిగారు. లారీలూ షెడ్డూ రెండూ ప్రకాశరావువే. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఇంట్లో ఆడాళ్లు మాట్లాడుతుంటే ఏ మగాడికి నిద్ర పడుతుందమ్మా?" అని, ఒక్కొక్కరి ఫోనుకీ రీఛార్జి చేయించి పంపాడు. గుమాస్తా పగలబడి నవ్వాడు.

ఐదు గంటలు తోలితే అరగంట దిగాలట, రోజుకి ఎనిమిది గంటలు దాటకూడదట. చట్టం ఉంది. డ్రైవరు నిద్ర గురించి చట్టం అంత బెంగపడింది గానీ, ఆ డ్రైవర్ని మేలుకొలిపే పెళ్లాం నిద్ర గురించి ఏ కాగితం మీదా ఒక్క ముక్క లేదు.

చట్టం నోరు మూయడానికి డ్యూటీ షీటులో రెండో డ్రైవరు మాత్రం ఉన్నాడు. పేరు బర్నబాస్. పోయి రెండేళ్లయింది. చీరాల దాటాక, బాపట్ల ఇంకా రాకముందు, కల్వర్టు దగ్గర ఆగి ఉన్న ట్రాక్టరుని వెనకనుంచి గుద్దేశాడు. ఇదే బండి. ముందు భాగం కొత్తది కట్టించారు, అంతే. పేరెందుకు తీయలేదంటే, "మనిషి పోయాడు గానీ లైసెన్సుకి ఇంకా కాలం ఉంది కదా" అన్నాడు గుమాస్తా.

బర్నబాస్ పెళ్లాం రాజమ్మది పక్కిల్లే. ఈ ఫోను విద్య సారాకి నేర్పింది ఆమే. "ప్రేమగా మాట్లాడావంటే అది జోలపాటే పిల్లా. తగువు పెట్టుకో, కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి" అనేది. బర్నబాస్ పోయిన రాత్రి ఆమెకి జ్వరం. ఫోను చెవి కింద పెట్టుకునే నిద్రపోయింది. శవం ఇంకా లేవకముందే, అందరి ముందూ ప్రకాశరావు అడిగాడు, "ఫోను ఏ టైముకి పెట్టేశావమ్మా?"

ఆ రోజు నుంచి రాజమ్మ ఇంట్లో రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది.

"ఏమేవ్, మొదలుపెట్టు" అన్నాడు శాలేమురాజు ఫోనులో. గొంతు బొంగురు పోయింది. నాలుగు రోజులుగా అతను నడుం వాల్చింది లేదు.

"మా వాళ్లు పెళ్లిలో పెట్టిన చేపల పులుసులో ముళ్లే తప్ప చేప లేదన్నావు చూడు..."

"అది మొన్నే అయిపోయింది. కొత్తది తియ్యి."

"కొత్తవి ఎక్కడి నుంచి తేను? నువ్వింటికొస్తేగా కొత్త తగువు పుట్టేది!"

అతను నవ్వాడు. నవ్వు మధ్యలో ఆవులింత.

"పక్కకి తీసి అరగంట పడుకోవయ్యా."

"ఐసు కరిగితే సరుకు నా నెత్తినే."

పన్నెండు దాటింది. ఒకటి దాటింది. పాత తగువులన్నీ తిరగేసింది. తర్వాత కీర్తనలు పాడింది, తర్వాత ఎక్కాలు చదివింది. పదమూడో ఎక్కం మధ్యలో ఎక్కడో...

మెలకువ వచ్చేసరికి చెవి కాలిపోతోంది. మూడూ నలభై. ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. సారా లేచి కూర్చుంది.

"ఏవయ్యా..."

ఇంజను చప్పుడు. ఐసు నీళ్లు కారుతున్న చప్పుడు. దాని కింద... గురక.

శాలేమురాజు గురకే. పదేళ్లుగా వింటున్న గురక.

బండి వేగంగా పోతోంది. గేరు మారింది. హారన్ మోగింది.

గురక ఆగలేదు.

మరి స్టీరింగు దగ్గర... ఎవరు?

"రాజీ..." అంది ఒక గొంతు. తడిసి బరువెక్కిన గొంతు. "రాజీ... పడుకున్నావా?"

రాజమ్మని అలా పిలిచిన మనిషి లోకంలో ఒక్కడే. సారా ఫోనుని చెవికి నొక్కుకుంది.

"అన్నయ్యా...?"

"సారావా అమ్మా... నిద్రొస్తోంది. రెండేళ్లయింది. నన్ను దిగమని ఎవరూ అనట్లేదు." గొంతు సాగింది. "రెప్పలు ఆగట్లేదమ్మా. చీరాల దాటేశాను. రాజీని... పిలువు..."

ఛార్జరు పీకి, వొట్టికాళ్లతో పరిగెత్తింది. పక్కింటి తలుపు తోసింది. రాజమ్మ లైటు కింద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఎవరో వస్తారని తెలిసినట్టు. సారా ఫోను చాపింది.

రాజమ్మ ఒక్క క్షణం విన్నది. భయపడలేదు. ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది, చంటిపిల్ల తలని పట్టుకున్నట్టు.

"రాజీ... పడుకోనా?"

పడుకో అనే మాట ఆమె పెదాల దాకా వచ్చింది. సారా చూసింది. రెండేళ్లుగా ఆ మనిషికి ఇవ్వాలనుకున్నది ఆ ఒక్క మాటే. కానీ ఆ బండిలో సారా మొగుడు గురక పెడుతున్నాడు.

రాజమ్మ కళ్లనిండా నీళ్లు. గొంతు మాత్రం రంపం.

"పడుకుంటావా? సిగ్గు లేదూ? వాడరేవు తీసుకెళ్తానని పదేళ్లు చెప్పావు. రోజూ చీరాల మీదుగానే పోతావు. ఒక్కనాడు సముద్రం చూపించావా నాకు?"

"వచ్చే ఆదివారం..."

"నీ ఆదివారాలు నీ సేటుకి ఇచ్చావు. నాకేం మిగిల్చావు? కళ్లు తెరువు! ఎదురుగా ఏముంది?"

"కల్వర్టు... రాజీ, కల్వర్టు వస్తోంది..."

సారా కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎడమకి తియ్యి. ఇండికేటర్ వెయ్యి. వేశావా? బ్రేకు... మెల్లగా."

"ఐసు కరుగుతుందే."

"కరగనీ."

టైర్ల కింద కంకర నలిగింది. హ్యాండ్ బ్రేకు లాగిన చప్పుడు. ఇంజను ఆగింది. నీటి బొట్లు... గురక... అంతే.

"ఇప్పుడు పడుకో అయ్యా" అంది రాజమ్మ. అప్పుడు మాత్రం గొంతు పగిలింది. "ఆ రోజు నాకు ఒళ్లు కాలిపోతోంది. నేను కావాలని..."

"తెలుసు. నువ్వూ పడుకో రాజీ."

ఫోను ఆగిపోయింది.

రాజమ్మ లేచి, రెండేళ్లలో మొదటిసారి తన చేత్తో లైటు ఆర్పింది. చాప మీద పక్కకి తిరిగి పడుకుంది. సారా దుప్పటి కప్పి, తలుపు దగ్గరే కూర్చుంది.

ఆరింటికి శాలేమురాజు ఫోను చేశాడు. "ఇప్పుడే లేచానే. కల్వర్టుకి పది గజాల ఇవతల ఉంది బండి. నేను పక్క సీట్లో ఉన్నాను. నువ్వేగా జరిగి పడుకోమన్నావు?"

సారా అనలేదు. అనలేదని అతనికి చెప్పనూ లేదు. రాజమ్మని లేపడానికి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి షెడ్డులో ఐసు లోంచి తీసిన చెయ్యిలా ఉంది.

గుండెపోటన్నారు. ప్రకాశరావు దండ పంపించాడు. మట్టి వేసిన మర్నాడు సారా ఆఫీసుకి వెళ్లి గుమాస్తా బల్ల మీద చేత్తో కొట్టింది.

"ఆ పేరు కొట్టెయ్యండి. చచ్చినోడినైనా దిగనివ్వరా?"

"కొట్టేస్తాలే అమ్మా, పదినాళ్లలో" అన్నాడతను, తల ఎత్తకుండానే.

పదినాళ్లయింది. సాయంత్రం శాలేమురాజు డ్యూటీ షీటు ఫోటో పంపాడు. రెండో డ్రైవరు: బర్నబాస్.

ఆ రాత్రి సారా నిలబడే మాట్లాడింది, కూర్చుంటే నిద్ర వస్తుందని. మూడున్నరకి, అతని మాట వెనక ఏదో వినిపించింది. సన్నగా.

"రేడియో పెట్టావా?"

"అది చెడిపోయి ఏడాదైంది కదే."

సారా ఊపిరి బిగబట్టింది. ఒక ఆడగొంతు, ఒక మగగొంతు. తగువాడుకుంటున్నాయి. వాడరేవు... ఆదివారం... అలిసిపోయిన గొంతులు. మాటకీ మాటకీ మధ్య ఎడం పెరుగుతోంది.

"ఎక్కడున్నావు?" అని సారా మొగుడితో గొణిగింది.

"చీరాల దాటాను."

"నిద్రొస్తోంది రాజీ..." అంది మగగొంతు.

చాలాసేపు ఏమీ లేదు. ఐసు నీళ్ల చప్పుడు.

"నాకూ..." అంది ఆడగొంతు.

శాలేమురాజు ఆవులించాడు.