సున్నా చూపిన పట్టీ

కుళ్ళాయప్ప మణికట్టు మీది నొప్పిపట్టీ పద్దెనిమిది చూపుతోంది. పక్కనే కూర్చున్న దస్తగిరిది సున్నా. ఇద్దరూ గుత్తి తాలింఖానాలో కర్రసాము ఉస్తాదులు, ఇద్దరికీ అరవై దాటాయి, ఇద్దరివీ అరిగిపోయిన మోకాళ్ళే. 2091 వచ్చేసరికి కీళ్ళవాతం ఉన్న ప్రతివాడి చర్మం కిందా ఒక మందుగింజ చేరింది. పట్టీ నొప్పిని కొలుస్తుంది, గింజ ఆ మేరకు మందు వదులుతుంది. ఊళ్ళో సగంమందికి శమని గింజ, సగంమందికి నిర్వేదన గింజ పెట్టి ఆరు నెలలుగా పోల్చి చూస్తున్నారు.

"వాపు రెండింటితోనూ ఒక్కలాగే తగ్గింది. నొప్పి దగ్గరే తేడా. శమని తగ్గిస్తుంది, నిర్వేదన అసలే లేకుండా చేస్తుంది," అంది డాక్టర్ హైమవతి.

"అట్లయితే నాకూ బావకు పెట్టిందే పెట్టు తల్లీ. సాయంత్రం బరిలో ఈయప్ప ఎగురుతాంటే నేను కుంటల్లా?" అన్నాడు కుళ్ళాయప్ప.

"పెట్టించుకో బావా! ఓడిపోయినాక మోకాళ్ళ మీద సాకు చెప్పేకి ఉండదు మరి," అన్నాడు దస్తగిరి.

గింజ మార్చిన గంటకు పట్టీ సున్నాకు దిగింది. కుళ్ళాయప్ప ఆసుపత్రి మెట్లు గబగబా దిగాడు. అలా దిగి పదేళ్ళయింది, సంతోషంతో ఏడుపొచ్చింది.

ఆ తాలింఖానాకు తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. దెబ్బ తిన్నవాడు "అబ్బా" అంటే ఆట ముగిసినట్టు. అనకముందే కర్ర దించితే ఎదుటివాణ్ణి అవమానించినట్టు. ఈ సంగతి హైమవతి పట్టికలో లేదు, ఎలా ఉంటుంది పాపం!

సాయంత్రం ఇద్దరూ బరిలోకి దిగారు. మొదటి దెబ్బకే దస్తగిరి భుజం ఫెళ్ళుమంది. నవ్వాడు. తిరిగి కొట్టిన దెబ్బకు కుళ్ళాయప్ప వేళ్ళు రెండు విరిగి వేలాడాయి. అతనూ నవ్వాడు. జనం ఈలలు వేశారు. దస్తగిరి పక్కటెముకలు విరిగాయి, నోటివెంట నెత్తురు కారింది.

"కానీ బావా, కానీ!" అంటూనే ఉన్నాడు.

ఇంకో దెబ్బ తలమీద పడింది. దస్తగిరి కూలబడ్డాడు. కుళ్ళాయప్ప కర్ర పారేసి అతన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నేనింగా అనలేదు కదా బావా, ఎందుకు ఆపితివి?" అన్నాడు దస్తగిరి. ఆ మాటతోనే ప్రాణం పోయింది.

శవం ఇల్లు చేరాక దస్తగిరి భార్య కుళ్ళాయప్పను అడిగింది, చావింట్లో ఎవరైనా అడిగే మాటే.

"పోయేటప్పుడు చానా నొప్పి పడినాడా అన్నా?"

"లేదు చెల్లీ. రవ్వంత గూడా తెలీలేదు."

"తెలిసింటే అబ్బా అని బతికేటోడు కదన్నా!"

ఆమె చెప్పు తీసి కుళ్ళాయప్ప మొహం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. పెదవి చిట్లి చొక్కా తడిసింది.

"కొట్టు చెల్లీ, ఇంకా గట్టిగా కొట్టు," అన్నాడు కుళ్ళాయప్ప. ఒక్క దెబ్బయినా తనకు తెలియాలని ఏడుస్తూ నిలబడ్డాడు.