ఏమండీ అన్న చేప

నవసాగరంలో ఇళ్లు ఒకచోట నిలబడవు. భీమిలి తీరానికి కనుచూపు మేరలో, నీటిమీద తేలే ఆ ఊళ్లో కెరటాల వాలును బట్టి ఇల్లు మెల్లగా తిరుగుతూ ఉంటుంది. పొద్దుటి ఎండ ఒకరోజు వంటగదిలో పడితే ఇంకోరోజు పడకగదిలో పడుతుంది. ఈరోజు ఎక్కడ పడుతుందోనని కొత్త దంపతులు ఉదయిని, శ్రీకర్ పందేలు వేసుకునేవారు. ఓడినవాళ్లు కాఫీ కలపాలి. ఉదయిని కావాలనే ఓడిపోయేది. తను కాఫీ కలుపుతుంటే శ్రీకర్ వెనకే వచ్చి నిలబడతాడు మరి!

అలాంటి ఇంటికి ఒక చేప కావాలంది ఉదయిని.

"చుట్టూ సముద్రం పెట్టుకుని ఇంట్లో అక్వేరియం ఏంటి, ఉదా?"

"ఆ చేపలు అందరివీ. మనకంటూ ఒకటి ఉండొద్దూ?"

రేవు పక్కన చేపలమ్మే జలశాలలో రెండు రకాల తొట్టెలున్నాయి. ఒకటి మామూలు గాజుతొట్టె. రెండోది మీనవాణి. దాన్ని కనిపెట్టిన డాక్టర్ పైడమ్మ తనే దగ్గరుండి చూపించింది.

"చేప రెక్క ఆడించినా, లోపలి గాలితిత్తిని బిగించినా నీళ్లలో సన్నటి కంపనం పుడతాది. ఈ అద్దంలోని సెన్సర్లు దాన్ని పట్టుకుంటాయి. చేపకి భాష లేదు కదమ్మా. అందుకని ఆ కంపనం వెనక ఉన్న భావాన్ని పోల్చుకుని, అదే భావంతో మీ ఇంట్లో ఎవరైనా పలికిన మాటని ఏరి యంత్రం గొంతుతో వినిపిస్తాది. దీన్ని భావసామ్యం అంటాం. కొన్నాళ్లు వాడి చూడండి. నచ్చకపోతే మామూలు తొట్టె పట్టుకెళ్దురు గాని."

మీనవాణితో పాటు నీలంరంగు ఫైటర్ చేప ఇంటికొచ్చింది. నీళ్లు మార్చగానే "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంది. స్నానం చేసి వచ్చాక ఉదయిని అనే మాటే అది! ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఒక సాయంత్రం శ్రీకర్ ఆఫీసు నుంచి వచ్చి, నీలం యూనిఫాం కూడా విప్పకుండా తొట్టె మీదికి వంగాడు. చేప పట్టుచీర కుచ్చిళ్లు పరిచినట్టు రెక్కలన్నీ విప్పింది.

"ఏమండీ!" అంది.

శ్రీకర్ మురిసిపోయాడు. ఉదయినికి ఒళ్లు మండింది. తను మొగుణ్ని పేరు పెట్టి, నువ్వు అని పిలుస్తుంది. ఆ పాతకాలపు పిలుపు ఈ చేపకెందుకు? మర్నాడూ అంతే. అతను గుమ్మంలో అడుగుపెట్టగానే "ఏమండీ!" తొట్టెను వంటగది మూలకు మార్చింది. అతను చెప్పులు విప్పి నేరుగా వంటగదికే వెళ్లాడు.

"దాని వయ్యారం చూడు! అది ఆడముండ కాకపోతే ఒట్టు," అనుకుంది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. మీనవాణి తనంతట తాను మాట పుట్టించదు. అంటే ఈ ఇంట్లో ఎవరో శ్రీకర్‌ని అలా పిలిచారు!

"నేను లేనప్పుడు ఎవరొచ్చారు?"

"ఎవరొస్తారు, ఉదా?"

"పక్కింటి యామిని రాలేదూ?"

"నువ్వున్నప్పుడేగా వచ్చింది! నాలుగు కరివేపాకు రెబ్బలు అడిగి వెళ్లింది."

"అయితే చేప అబద్ధమాడుతోందా?"

మర్నాడు పందెం లేదు. ఎవరి కాఫీ వాళ్లు కలుపుకున్నారు. తొట్టెను ఇద్దరూ చెరోపక్క పట్టుకుని జలశాలకు మోసుకెళ్లారు.

"ఆ మాట దీనికి ఎవరు నేర్పారో తేల్చండి," అంది ఉదయిని.

డాక్టర్ పైడమ్మ తొట్టెకు చెవి ఆనించినట్టు వంగి దాని తెరమీది గీతలు చూసింది. ఆమె పెదవి చివర నవ్వు మెదిలింది.

"ముందుగా, ఇది మగచేపమ్మా. బాబు నీలం చొక్కా చూసి ఇంకో చేప తన చోటులోకి వచ్చేస్తందని రెక్కలు విప్పింది. అది పిలుపు కాదు. 'ఇది నాది, ఇటు రాకు' అని బెదిరింపు."

"మరి ఏమండీ అంటుందేం?"

"ఆ భావంతో మీ ఇంట్లో పలికిన మాట అదొక్కటే. వినండి."

తెరలోంచి ముందు ఒక నవ్వు వినిపించింది, యామినిది. వెంటనే ఉదయిని గొంతు: "ఏమండీ! ఇలా ఒకసారి రండి."

ఉదయిని చెవులు ఎర్రబడ్డాయి. పక్కన పరాయి ఆడపిల్ల ఉంటే చాలు, శ్రీకర్ కాస్తా ఏమండీ అయిపోతాడని అప్పటిదాకా ఆమెకే తెలియదు. తలెత్తకుండా పక్కనున్న గాజుతొట్టె చూపించింది.

"మాకు ఈ మూగదే ఇవ్వండి."

"వద్దు, మాట్లాడేదే కావాలి," అన్నాడు శ్రీకర్.

"నన్ను ఏడిపించడానికా?"

"రోజూ సాయంత్రం నేను నీవాణ్నని ఎవరో ఒకరు చెప్తుంటే నాకు బాగుంది."

ఉదయిని అతని చెయ్యి గిల్లింది. అయినా అనుమానం తీరక డాక్టర్ని అడిగింది: "ఇంత పరువు తీసే యంత్రాన్ని జనం వెనక్కి తెచ్చి పడెయ్యరా, మేడమ్?"

పైడమ్మ వెనకగది తలుపు తీసింది. లోపల గోడ పొడవునా మీనవాణి తొట్టెలు. చేపలు రెక్కలు విప్పుతున్నాయి, ఒకదాన్నొకటి చూసి బుసకొడుతున్నట్టు ఊగుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

"ఇవన్నీ వెనక్కొచ్చినవే. చేప రెక్కలు విప్పుతోంది గానీ ఏమీ అనడం లేదు, యంత్రం పాడైందని తెచ్చి ఇచ్చేశారు," అందామె. "నేను విప్పి చూశాను. ఒక్కటీ పాడవలేదు. ఆ ఇళ్లలో 'ఇది నాది' అన్న భావానికి మాట దొరకలేదంతే."